నాయకురాలు లేని పాట: మహిళా పోస్ట్-పంక్ బృందం కలిసి సంగీతం ఎలా కడుతుంది?



నలుగురు కలిసి పాడితే దాన్ని బృందగానం అంటాం. ఆ నలుగురిలో సాధారణంగా ఒకరు పెద్ద. ఆమె శ్రుతి ఇస్తుంది, పాట ఎత్తుకుంటుంది, ఎక్కడ ఆపాలో చేతితో సైగ చేస్తుంది. మిగిలినవారు ఆమె వెంట నడుస్తారు. బడిలో ప్రార్థన గీతం మొదలుకొని సినిమా వాద్యబృందం దాకా మనం ఎక్కువగా చూసేది ఈ పద్ధతినే. మరి ఆ పెద్ద లేకపోతే? పాట కట్టేవారు ఒకరు, నేర్పేవారు ఒకరు, నడిపించేవారు ఒకరు అనే విభజన లేకుండా నలుగురూ కలిసి కట్టి, నలుగురూ కలిసి వాయిస్తే ఆ పాట నిలుస్తుందా? నిలిస్తే ఏ ఆధారంతో నిలుస్తుంది?

ఈ పాఠంలో ఆ ప్రశ్నకు సమాధానం వెతుకుదాం. ప్రధాన ఉదాహరణగా 1977లో లండన్ నగరంలో పుట్టిన 'ద రెయిన్‌కోట్స్' అనే బృందాన్ని తీసుకుందాం. సంగీత చరిత్రలో దీనిని పోస్ట్-పంక్ అనే శాఖలో చేరుస్తారు. ఈ విషయం అర్థం కావడానికి కొంత భౌతికశాస్త్రం, కొంత సామాజిక చరిత్ర, కాస్త లెక్క అవసరమవుతాయి. లెక్క అనగానే భయపడకండి. అది కూడికలు, తీసివేతలు దాటదు.

మనకు తెలిసిన చోటు నుంచి మొదలుపెడదాం

కదిర్కామం పుదుచ్చేరి పట్టణంలోని ఒక ప్రాంతం. ఇందిరాగాంధీ వైద్య కళాశాల ఉన్న చోటుగా చాలామందికి తెలుసు. ఇక్కడ వీధిలో వినిపించే భాష తమిళం. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి భాష తెలుగు. భాషలు వేరైనా రెండు చోట్లా ఆడవాళ్ళు కలిసి పాడే ఒక పద్ధతి మాత్రం చాలా దగ్గరగా ఉంటుంది. తమిళ స్త్రీలు వలయంగా తిరుగుతూ చప్పట్లతో పాడేదాన్ని కుమ్మి అంటారు. సంక్రాంతి నెలలో తెలుగు ఆడపిల్లలు గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడేది గొబ్బి. తెలంగాణలో భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది రోజులు పూలను పేర్చి, వాటి చుట్టూ తిరుగుతూ పాడేది బతుకమ్మ. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

ఈ మూడింటినీ ఒకసారి శ్రద్ధగా గమనించండి. వాద్యం లేదు. తాళం వేయడానికి ప్రత్యేకంగా ఒక మనిషి లేదు. అందరి అరచేతులే తాళం. ఒకామె చరణం అందిస్తుంది, మిగిలినవారు అందుకుంటారు. ఆమె అలసినా, చరణం మరచిపోయినా పక్కనున్నామె ఎత్తుకుంటుంది. పాట ఆగదు. అంటే ముందు పాడే పని ఉంది గాని, అది ఒక్కరి సొత్తు కాదు.

బుర్రకథలో విభజన ఇంకొంచెం స్పష్టంగా ఉంటుంది. మధ్యలో తంబుర పట్టిన కథకుడు, రెండు పక్కల వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరొక వంత రాజకీయం చెబుతాడు. పూర్వం ఇది మగవాళ్ళ కళగానే సాగింది. 1940వ దశకంలో, ప్రజానాట్యమండలి ఊరూరా తిరుగుతున్న రోజుల్లో, మోటూరు ఉదయం గారు మహిళా బుర్రకథ దళాన్ని నడిపారు. ఆడవాళ్ళు వేదికమీద నిలబడి గొంతెత్తి కథ చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

అయితే ఈ పాటలన్నింటికీ ఒక సౌకర్యం ఉంది. వరుస ముందే తెలుసు. అమ్మమ్మ పాడిన వరుసలోనే అమ్మ పాడింది, అమ్మ వరుసలోనే కూతురు పాడుతుంది. వలయంలో నాయకురాలు లేకపోయినా ఆ పాత వరుసే అందరినీ నడిపిస్తుంది. బుర్రకథకూ కథ, వరుసలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఆ ఆసరా కూడా లేకుండా, ఇంతకు ముందు లేని పాటను నలుగురు కలిసి పుట్టించాలంటే ఏం చేయాలి? లండన్ బృందం మనకు ఉపయోగపడేది ఇక్కడే.

పోస్ట్-పంక్ అంటే ఏమిటి?

1976, 1977 సంవత్సరాల్లో ఇంగ్లండులో పంక్ అనే సంగీతం వచ్చింది. సెక్స్ పిస్టల్స్, ద క్లాష్ వంటి బృందాలు దీనికి పేరు తెచ్చాయి. అప్పటికి రాక్ సంగీతం బాగా సంపన్నుల వ్యవహారమైపోయింది. ఖరీదైన పరికరాలు, పెద్ద పెద్ద మైదానాలు, ఏళ్ళ తరబడి సాధన చేసిన గిటారు విద్వాంసులు. పంక్ దీనికి ఎదురు తిరిగింది. రెండు మూడు స్వరసముదాయాలు తెలిస్తే చాలు, వేదిక ఎక్కవచ్చు అన్నది. పాటలు చిన్నవి, వేగం ఎక్కువ, గొంతులో కోపం.

ఆ తలుపు తెరుచుకోగానే లోపలికి వచ్చినవారిలో కొందరికి ఆ కోపపు పాట కూడా త్వరలోనే ఒక మూసలా కనిపించింది. వారు జమైకా దేశపు రెగె లయను, ఆఫ్రికన్-అమెరికన్ల ఫంక్‌ను, కొత్త శబ్దాల ప్రయోగాలను తమ పాటల్లోకి తెచ్చారు. సుమారుగా 1978 నుంచి 1984 వరకు సాగిన ఈ ప్రయోగ దశనే పోస్ట్-పంక్ అంటారు. 'పోస్ట్' అంటే 'తరువాత' అని అర్థం.

ఈ దశలో ఆడవాళ్ళు గాయనులుగా మాత్రమే ఉండిపోలేదు. గిటారు, డ్రమ్స్ కూడా తామే వాయించారు. 1976లో లండన్‌లో మొదలైన 'ద స్లిట్స్' బృందంలో గాయని ఆరి అప్ వయసు అప్పటికి 14 ఏళ్ళు. స్విట్జర్లండులోని జూరిక్ నగరంలో 1978లో 'క్లీనెక్స్' అనే మహిళా బృందం ఏర్పడింది. తరువాత వారు 'లిలిపుట్' అని పేరు మార్చుకున్నారు.

రెయిన్‌కోట్స్ కథ

ఆనా ద సిల్వా పోర్చుగల్‌కు చెందిన మదైరా దీవి నుంచి వచ్చిన యువతి. జినా బర్చ్ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నుంచి వచ్చింది. ఇద్దరూ లండన్‌లోని హార్న్సీ కళాశాలలో చిత్రకళ చదివే విద్యార్థినులు. 1977లో స్లిట్స్ ప్రదర్శన చూశాక, ఆ పని తామూ చేయవచ్చన్న ధైర్యం జినాకు కలిగింది. ఒక బాస్ గిటారు కొనుక్కొని సొంతంగా నేర్చుకోవడం మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో ఆనా, జినా ఉన్న బృందం మొదటి ప్రదర్శన ఇచ్చింది.

మొదట్లో బృందంలో మగవారు కూడా ఉన్నారు. 1979 నాటికి అది పూర్తిగా మహిళా బృందమైంది. స్పెయిన్ నుంచి వచ్చి స్లిట్స్‌లో డ్రమ్స్ వాయించిన పామాలివ్ ఇందులో చేరింది. ఆమె అసలు పేరు పలోమా రొమేరో. వయోలిన్ వాయించే విక్కీ ఆస్పినాల్ కూడా వచ్చింది. ఆమె పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో శిక్షణ పొందిన వ్యక్తి. ఈ కలయికను గమనించండి. ఒకరు శాస్త్రం నేర్చుకున్నారు. ఒకరు రెండేళ్ళ క్రితమే బాస్ పట్టుకున్నారు. ముగ్గురివి మూడు దేశాలు. 1979లో 'రఫ్ ట్రేడ్' అనే చిన్న సంస్థ ద్వారా వారి తొలి ఆల్బమ్ వచ్చింది. దాని పేరు కూడా బృందం పేరే. 1981లో 'ఓడిషేప్', 1984లో 'మూవింగ్' అనే ఆల్బమ్‌లు వచ్చాయి. 1984లో బృందం విడిపోయింది.

ఇంత అసమానమైన నైపుణ్యాలు ఉన్నవారి మధ్య సహజంగా ఏం జరగాలి? ఎక్కువ తెలిసినామె గురువు కావాలి, తక్కువ తెలిసినవారు శిష్యులు కావాలి. ఇక్కడ అలా జరగలేదు. అలా జరగకుండా ఉండటానికి వారు మూడు వస్తువులను పంచుకోవలసి వచ్చింది. అవి కాలం, ధ్వని, నిర్ణయం. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: కాలాన్ని పంచుకోవడం

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే ఒక మీటరు దూరం దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటారు. బతుకమ్మ వలయం వ్యాసం 10 మీటర్లు అనుకోండి. ఎదురుగా ఉన్నామె చప్పట్లు మీ చెవికి చేరేసరికి 30 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. మీరు విన్నది ఆమె ఇప్పుడు కొట్టిన చప్పట్లు కాదు, కాస్త ముందు కొట్టినవి. అయినా వలయం కలిసే తిరుగుతుంది. ఎలా?

ప్రతి ఒక్కరూ ముందు దెబ్బ ఎప్పుడు పడిందో విని, తరువాతి దెబ్బ ఎప్పుడు పడాలో ఊహిస్తారు. తన దెబ్బకూ పక్కవారి దెబ్బకూ తేడా వస్తే తరువాతి దెబ్బను కొంచెం జరుపుతారు. ఇది మనకు తెలియకుండానే జరిగే సవరణ. అయితే ఎంత జరపాలి? చిన్న లెక్క చేసి చూద్దాం.

ఇద్దరు చప్పట్లు కొడుతున్నారు. రాణి దెబ్బ ముందు పడింది, వాణి దెబ్బ 40 మిల్లీసెకన్లు వెనుక పడింది.

ఇద్దరిలో ఎవరూ సవరించుకోకపోతే తేడా 40 గానే మిగిలిపోతుంది.

ఇద్దరూ పూర్తిగా సవరించుకుంటే ఏమవుతుందో చూడండి. రాణి 40 వెనక్కు జరుగుతుంది, వాణి 40 ముందుకు జరుగుతుంది. ఇప్పుడు వాణి దెబ్బ ముందు, రాణి దెబ్బ వెనుక! తేడా మళ్ళీ 40. కాకపోతే దిశ మారింది. తరువాతి దెబ్బకు మళ్ళీ తారుమారు. ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు మర్యాదస్తులు ఒకరికొకరు దారి ఇవ్వబోయి, ఇద్దరూ ఒకే వైపుకు జరిగి మళ్ళీ ఢీకొన్నట్టే.

ఇద్దరూ చెరి సగం, అంటే చెరి 20 సవరించుకుంటే ఒక్క దెబ్బలో తేడా పోతుంది. చెరి పావు వంతు సవరించుకున్నా తేడా 40 నుంచి 20కి, 20 నుంచి 10కి, 10 నుంచి 5కి తగ్గుతూ పోతుంది.

మరొక మార్గం కూడా ఉంది. రాణి కదలకుండా ఉంటే, వాణి ఒక్కతే 40 సవరించుకోవచ్చు. తేడా పోతుంది. ఇదే నాయకత్వ పద్ధతి. ఇది సులభమైనది. కాని దీనికి ఒక షరతు ఉంది. రాణి తప్పటడుగు వేస్తే దాన్ని దిద్దేవారు ఉండరు, అందరూ ఆ తప్పు వెంటే నడుస్తారు.

ఈ లెక్క మనం సులభం కోసం అల్లుకున్నది. కాని దీని వెనుక ఉన్న సూత్రాన్ని శాస్త్రవేత్తలు నిజమైన సంగీతకారులమీదే కొలిచారు. 2014లో అలన్ వింగ్, ఆయన సహ పరిశోధకులు రెండు తంత్రీవాద్య బృందాలను పరిశీలించారు. ఒక్కొక్క బృందంలో నలుగురు. హేడన్ రచనలోని ఒకే భాగాన్ని రెండు బృందాలూ వాయించాయి. ప్రతి స్వరం మొదలైన క్షణాన్ని కొలిచి, ఎవరు ఎవరికోసం ఎంత సవరించుకుంటున్నారో లెక్క కట్టారు. ఒక బృందంలో మొదటి వయోలిన్ వాయించే వ్యక్తి ఇతరులకోసం తక్కువగా సవరించుకున్నారు, మిగిలినవారు ఆ వ్యక్తికోసం ఎక్కువగా సవరించుకున్నారు. రెండో బృందంలో నలుగురూ దాదాపు సమానంగా సవరించుకున్నారు. రెండు బృందాలూ కలిసే వాయించాయి. అంటే నాయకుడు ఉండటం కలిసి వాయించడానికి ఒక మార్గం. అదొక్కటే మార్గం కాదు.

సమాన పద్ధతికి కూడా ఒక ఇబ్బంది ఉంది. అందరూ ఒకరికొకరు సర్దుకుపోతున్నప్పుడు కలిసే ఉంటారు గాని, మొత్తం వేగం జారిపోవచ్చు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్, ఆయన సహచరులు ఇద్దరిద్దరిని వేర్వేరు గదుల్లో ఉంచి, ఒకరి చప్పట్లు మరొకరికి ఆలస్యంగా వినిపించేలా చేశారు. 2004లో వారు ఆ ఫలితాలు ప్రకటించారు. ఆలస్యం సుమారు 11.5 మిల్లీసెకన్లకన్నా తక్కువగా ఉంటే జంటలు వేగం పెంచుతూ పోయాయి. అంతకన్నా ఎక్కువైతే నెమ్మదించాయి. శబ్దం 11.5 మిల్లీసెకన్లలో సుమారు 4 మీటర్లు వెళుతుంది. అంటే చిన్న గదిలో దగ్గర దగ్గరగా నిలబడి వాయించే బృందానికి పరుగెత్తే స్వభావం ఉంటుందని మనం ఊహించవచ్చు.

ఇప్పుడు రెయిన్‌కోట్స్ తొలి ఆల్బమ్ వినండి. పాట మధ్యలో వేగం పెరగడం, తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది. స్టూడియో కొలమానంతో చూస్తే ఇది లోపం. ఆ బృందం దీన్ని దాచలేదు. నలుగురూ ఒకరినొకరు వింటూ ముందుకు నెట్టుకుంటున్న ఆనవాలుగా దాన్ని పాటలోనే ఉండనిచ్చింది. ఊపిరి వేగం మారినట్టు పాట వేగం మారుతుంది.

రెండవది: ధ్వనిని పంచుకోవడం

కాలం కుదిరింది. ఇక నాలుగు ధ్వనులు ఒకేసారి మోగుతున్నప్పుడు ఒకదాన్ని మరొకటి మింగకుండా ఎలా చూడాలి?

ప్రతి వాద్యానికీ ఒక పౌనఃపున్య పరిధి ఉంటుంది. పౌనఃపున్యం అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అన్న లెక్క. దీని ప్రమాణం హెర్ట్జ్. మామూలుగా శ్రుతి చేసిన బాస్ గిటారులో అతి మంద్ర తంతి 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మామూలు గిటారులో అది 82, వయోలిన్‌లో 196. స్త్రీల మామూలు మాట సుమారు 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పాడేటప్పుడు ఇంకా పైకి వెళుతుంది. ఇవన్నీ మూల స్వరాల సంఖ్యలు. ప్రతి స్వరంతోపాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఉన్న అనుస్వరాలు కూడా మోగుతాయి. కాబట్టి గిటారు ఆరు తంతులనూ గట్టిగా మీటితే మధ్య పరిధి అంతా అదే నిండిపోతుంది. గొంతు ఉండవలసిన చోటు కూడా అదే. బలమైన ధ్వని దగ్గరి పౌనఃపున్యంలోని బలహీన ధ్వనిని వినిపించకుండా చేయడాన్ని ధ్వని ఆచ్ఛాదన అంటారు. బస్సు ఇంజను పక్కన నిలబడి మాట్లాడిన ప్రతివారికీ ఇది అనుభవమే.

సాధారణ రాక్ బృందంలో గిటారే రాజు. దాని గోడ ముందు గాయకుడు అరవాలి. బాస్ అడుగున ఉండి గిటారును మోయాలి. రెయిన్‌కోట్స్‌లో ఈ వరుస మారిపోయింది. గిటారు పలచగా, గీకినట్టుగా, కొద్ది తంతులమీదే మోగుతుంది. అందువల్ల మధ్యలో చోటు మిగులుతుంది. ఆ చోటులోకి వయోలిన్ వస్తుంది. ఒక్కోసారి తంబురలా ఒకే స్వరాన్ని పట్టి నిలబెడుతుంది, ఒక్కోసారి గరుకుగా కోస్తుంది. బాస్ కింద మోత మోసే పని వదిలి తానే ఒక రాగం పాడినట్టు కదులుతుంది. పామాలివ్ డ్రమ్స్ వాయించే తీరులో సింబల్స్ అనే లోహపు పళ్ళాలకన్నా టామ్ అనే చర్మవాద్యాలకు ప్రాధాన్యం ఎక్కువ. సింబల్ ధ్వని పై పౌనఃపున్యాల నిండా పరుచుకుంటుంది. అది తగ్గితే గొంతులకూ వయోలిన్‌కూ గాలి ఆడుతుంది.

గొంతులు కూడా ఒకదాని వెనుక ఒకటి దాక్కోవు. ఒకరు పాడుతుంటే మరొకరు వేరే చోట అందుకుంటారు, ఒకరు అరుస్తారు, ఒకరు గొణుగుతారు. ఇద్దరు ఒకే స్వరం పాడుతున్నా చిన్న తేడా ఉంటుంది. ఒకరిది 220 హెర్ట్జ్, మరొకరిది 223 హెర్ట్జ్ అయితే మన చెవికి సెకనుకు 3 సార్లు ధ్వని పెరిగి తగ్గినట్టు వినిపిస్తుంది. వీటిని విస్పందనాలు అంటారని మీరు భౌతికశాస్త్రంలో చదువుకొని ఉంటారు. ఒక్క గొంతు ఎంత శుద్ధంగా పాడినా విస్పందనాలు పుట్టవు. వాటికి కనీసం ఇద్దరు కావాలి, ఇద్దరిలో కొంత తేడా ఉండాలి. బతుకమ్మ పాటలో ఇరవై గొంతులు కలిసినప్పుడు వచ్చే ఆ నిండుతనం వెనుక ఉన్నది ఈ తేడాలే.

మూడవది: నిర్ణయాన్ని పంచుకోవడం

పాట కట్టే క్రమం ఎలా ఉంటుంది? సాధారణ పద్ధతిలో ఒకరు మాట, వరుస పూర్తిగా తయారు చేసి తెస్తారు. మిగిలినవారికి వారి వారి భాగాలు చెబుతారు. సమష్టి పద్ధతిలో ఒకరు తెచ్చేది ఒక ముక్క మాత్రమే. నాలుగు మాటలు కావచ్చు, బాస్‌మీద ఒక చిన్న వరుస కావచ్చు. దాన్ని వాయిస్తూ ఉంటే పక్కనున్నామె తనకు తోచింది దానికి జతచేస్తుంది. ఆమె జతచేసిన దాన్ని బట్టి మొదటామె తన ముక్కను మార్చుకుంటుంది. ఇందాకటి చప్పట్ల లెక్కే ఇక్కడా పనిచేస్తోంది, గమనించారా? అసలు మారకుండా బిగుసుకుంటే పాట కుదరదు. పూర్తిగా లొంగిపోతే పాటలో ఆమె మిగలదు. ప్రతి ఒక్కరూ కొంత వదులుకోవాలి, కొంత నిలుపుకోవాలి.

'ఓడిషేప్' ఆల్బమ్ దీనికి మంచి ఉదాహరణ. 1979లోనే పామాలివ్ బృందం వదిలి వెళ్ళింది. మిగిలిన ముగ్గురూ డ్రమ్స్ లేకుండానే చాలా పాటలు కట్టుకున్నారు. తరువాత ఇంగ్రిడ్ వైస్, రాబర్ట్ వయట్, చార్ల్స్ హేవర్డ్ వంటివారు తాళవాద్యాలు జతచేశారు. మామూలుగా ఇల్లు కట్టేటప్పుడు ముందు పునాది, తరువాత గోడలు. ఇక్కడ గోడలు లేచాక వాటి వంపులను బట్టి పునాది వేశారు. అందుకే ఆ పాటల్లో లయ మనం ఊహించిన చోట పడదు. ఆఫ్రికా వాద్యాలైన కలింబా, బాలాఫోన్ కూడా అందులో వినిపిస్తాయి. ఒకరి వాద్యం మరొకరు తీసుకొని వాయించడం కూడా ఉండేది. అప్పుడు అందరూ మళ్ళీ కొత్తవారే అవుతారు. ఎక్కువ తెలిసినామె, తక్కువ తెలిసినామె అనే దూరం తగ్గుతుంది.

బృందం బయటి ఏర్పాట్లు కూడా దీనికి సహకరించాయి. రఫ్ ట్రేడ్ 1976లో జెఫ్ ట్రావిస్ లండన్‌లో తెరిచిన ఒక దుకాణం. 1978లో అది రికార్డులు ప్రచురించే సంస్థగా కూడా మారింది. లాభాన్ని బృందంతో చెరి సగం పంచుకునే పద్ధతికి అది పేరు పొందింది. తొలి ఆల్బమ్ నిర్మాణ బాధ్యతలో ట్రావిస్, మేయో థాంప్సన్‌లతోపాటు రెయిన్‌కోట్స్ పేరు కూడా ఉంది. అంటే తమ ధ్వని ఎలా ఉండాలో చెప్పే హక్కు వారి చేతిలోనూ ఉంది. హక్కు, ఆదాయం ఒకరి చేతిలో ఉండి, సమానత్వం మాటల్లో మాత్రమే ఉంటే ఏ బృందమూ ఎక్కువ కాలం కలిసి పనిచేయలేదు.

ఈ పద్ధతికి ఖరీదు లేదా?

తప్పకుండా ఉంది. మొదటి ఖరీదు సమయం. ఒకరు నిర్ణయిస్తే గంటలో అయ్యే పని నలుగురు నిర్ణయిస్తే వారం పడుతుంది. రెండవది అలసట. ప్రతి పాటకూ ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలంటే ఒప్పించడంలోనే శక్తి ఖర్చవుతుంది. మూడవది బయటివారి తీర్పు. తడబడుతూ, దారి వెతుక్కుంటూ సాగే పాటను కొందరు శ్రోతలు చేతకానితనం అనుకుంటారు. సమష్టి పద్ధతి అన్నిటికన్నా గొప్పదని ఈ పాఠం ఉద్దేశం కాదు. ఒక సింఫనీ వాద్యబృందంలో వందమంది ఉంటారు. అక్కడ నిర్దేశకుడు ఉండటానికి బలమైన కారణమే ఉంది. దూరం పెరిగితే ధ్వని ఆలస్యం పెరుగుతుంది, కాబట్టి కంటికి కనిపించే ఒక చేయి కావాలి. నలుగురు దగ్గరగా నిలబడితే ఆ అవసరం తగ్గుతుంది.

అయినా ఈ బృందం ప్రయత్నం వృథా పోలేదు. అమెరికా గాయకుడు కర్ట్ కొబేన్ వారి తొలి ఆల్బమ్‌ను ఎంతో ఇష్టపడ్డాడు. 1992లో లండన్ వచ్చినప్పుడు దానికోసం వెతుక్కుంటూ వెళ్ళి ఆనాను కలిశాడు. అదే ఏడాది వచ్చిన తన బృందం 'నిర్వాణా' ఆల్బమ్ 'ఇన్సెస్టిసైడ్' వెంట ముద్రించిన మాటల్లో ఆ సంగతి రాశాడు. 1993లో రెయిన్‌కోట్స్ పాత ఆల్బమ్‌లు మళ్ళీ విడుదలయ్యాయి. బృందం తిరిగి కలిసి 1996లో మరొక ఆల్బమ్ చేసింది. జినా బర్చ్ తన మొదటి సొంత ఆల్బమ్‌ను 2023లో విడుదల చేసింది. బాస్ పట్టుకున్న 46 ఏళ్ళకు!

అసలు ప్రశ్న: ఎవరికి అనుమతి?

విద్యార్థులారా, ఇంతవరకు మనం పాట ఎలా కుదురుతుందో చూశాం. ఇక ఎవరు వాయించవచ్చు అనే ప్రశ్న మిగిలింది. చాలా సమాజాల్లో ఆడపిల్ల పాడితే మెచ్చుకున్నారు గాని, తాళవాద్యం పట్టుకుంటే వింతగా చూశారు. మన దగ్గర కూడా మృదంగం చాలాకాలం మగవారి వాద్యంగానే చెలామణి అయింది. అటువంటి రోజుల్లో తండ్రి నిడుమోలు రాఘవయ్య గారి దగ్గర మొదలుపెట్టి, మృదంగ విదుషీమణిగా ఎదిగినవారు దండమూడి సుమతీ రామమోహనరావు గారు. 2021లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆమెది కఠినమైన శాస్త్రీయ శిక్షణ మార్గం. రెయిన్‌కోట్స్‌ది నేర్చుకుంటూనే వేదిక ఎక్కిన మార్గం. దారులు వేరు. రెండు చోట్లా తోసింది మాత్రం ఒకే తలుపు.

ఆ తలుపు అన్నిచోట్లా తెరుచుకోలేదు. 2012లో శ్రీనగర్‌లో ముగ్గురు పాఠశాల బాలికలు 'ప్రగాష్' అనే రాక్ బృందంగా ఏర్పడ్డారు. ఆ డిసెంబరులో జరిగిన పోటీలో ఉత్తమ ప్రదర్శన బహుమతి పొందారు. తరువాత ఇంటర్నెట్‌లో దూషణలు, బెదిరింపులు మొదలయ్యాయి. 2013 ఫిబ్రవరిలో వారు వాయించడం మానుకున్నారు. వారికి లయ తెలియక కాదు, శ్రుతి తప్పినందుకు కాదు. నలుగురు కలిసి వాయించడానికి కావలసిన ఒకరినొకరు వినే గుణం ఆ బాలికల్లో ఉంది. చుట్టూ ఉన్నవారిలో అది కరువైంది.

మీరు చేసి చూడండి

ఈ ప్రయోగానికి నలుగురు స్నేహితులు, ఒక మొబైల్ ఫోను చాలు.

1. దగ్గరగా వలయంలో నిలబడండి. ఒకరిని నాయకురాలిగా ఎంచుకొని, ఆమె వెంట రెండు నిమిషాలు చప్పట్లు కొట్టండి. ఫోనులో రికార్డు చేయండి.

2. ఇప్పుడు అందరూ కళ్ళు మూసుకొని, నాయకురాలు లేకుండా రెండు నిమిషాలు కొట్టండి. దీన్నీ రికార్డు చేయండి.

3. రెండు రికార్డుల్లోనూ మొదటి 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో, చివరి 15 సెకన్లలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. వేగం పెరిగిందా, తగ్గిందా?

4. మైదానంలో ఒకరికొకరు 20 మీటర్ల దూరంలో నిలబడి మళ్ళీ చేయండి. ఫలితాలను పట్టికగా రాసుకొని పోల్చండి.

5. చివరగా నలుగురూ తలా ఒక ముక్క ఇచ్చి అర నిమిషం పాట ఒకటి కట్టండి. నియమం ఒక్కటే: ప్రతి ఒక్కరూ తాము తెచ్చిన దానిలో కొంత మార్చుకోవాలి, కొంత ఉంచుకోవాలి.

నాలుగు ప్రయోగాలకు మీ ఫోను సమాధానం చెబుతుంది. అయిదోదానికి సమాధానం మీరే చెప్పాలి. ఎవరు ఎక్కువ మాట్లాడారు? ఎవరి ముక్క వదిలేశారు? మౌనంగా ఉన్నామె దగ్గర ఏమైనా వరుస ఉందేమో అడిగారా? మీ తరగతిలో ఎవరికి వాద్యం బాగా వచ్చో మీకు ముందే తెలుసు. ఎవరికి వినడం బాగా వచ్చో ఈ ప్రయోగంలో తెలుస్తుంది. నాయకురాలు లేని పాటను నిలబెట్టేది ఆ రెండో విద్యే.